భూగర్భ గనిలో ఉద్యోగం: కంపెనీయా, పెద్ద కాంట్రాక్టరా, మెషీన్ల సర్వీసా, మేస్త్రీ గ్యాంగా?

గరివిడి, చీపురుపల్లి, మెరకముడిదాం చుట్టుపక్కల మాంగనీసు తవ్వకం కొత్తది కాదు. దేశంలోనే ఆ పని 1890ల్లో మొదలైంది ఈ నేల మీద. విశాఖ స్టీల్‌ప్లాంట్‌కు మాంగనీసు ఇచ్చే గర్భాం గని ఇక్కడిదే. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలు సరేసరి. అయితే ఇవి దాదాపు అన్నీ పైనుంచి తవ్వుకుంటూ దిగే గనులు. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు భూగర్భ గనిలో ఉద్యోగమంటే ఊరు దాటడమే. రాజస్థాన్‌లో హిందుస్థాన్ జింక్ గనులు (రాంపురా అగూచా, సిందేసర్ ఖుర్ద్, జావర్), మధ్యప్రదేశ్‌లో మలంజ్‌ఖండ్ రాగి గని, బాలాఘాట్ మాంగనీసు గని, కర్ణాటకలో హట్టి బంగారు గని, మన రాష్ట్రంలోనే కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని. సింగరేణి దగ్గరే అనిపిస్తుంది గానీ అక్కడ స్థానిక రిజర్వేషన్ వల్ల మన జిల్లాల వాళ్లకు దారి చాలా ఇరుకు.

ఒకే గనిలో ఒకే పనికి నాలుగు రకాల ఆఫర్లు రావచ్చు. గని కంపెనీ నేరుగా తీసుకునే ఉద్యోగం ఒకటి. సొరంగాలు తవ్వే పెద్ద కాంట్రాక్ట్ కంపెనీ ఉద్యోగం రెండోది. మెషీన్లు అమ్మిన కంపెనీ సర్వీస్ టీమ్ మూడోది. మేస్త్రీ పట్టుకెళ్లే పేటీ కాంట్రాక్టర్ (చిన్న ఉప కాంట్రాక్టర్) గ్యాంగ్ నాలుగోది. దిగే షాఫ్ట్ (నిలువు బావి) ఒకటే, పీల్చే గాలి ఒకటే, పెట్టుకునే టోపీ దీపం ఒకటే. పైకొచ్చాక చేతికి వచ్చే డబ్బు, కాగితం, ప్రమాదం జరిగితే ఇంటికి చేరే సాయం మాత్రం నాలుగు రకాలు. జీతం అంకె ఒక్కటే చూసి ఎంచుకుంటే దెబ్బతినేది ఇక్కడే. ముందు తెలుసుకోవాల్సినవి రెండు: ఆ కాంట్రాక్టర్‌కు గని ఏ లెక్కన డబ్బు ఇస్తోంది, మీ పేరు ఎవరి రిజిస్టర్లో పడుతుంది.

గనిలో కాంట్రాక్టర్ ఎందుకు ఉంటాడు

షాఫ్ట్ తవ్వడం ఒక గని జీవితకాలంలో ఒకటి రెండు సార్లు పడే పని. దానికోసం మనుషుల్ని, సామగ్రిని కంపెనీ సొంతంగా పోషించుకోవడం దండగ. కిందికి వాలుగా దిగే డిక్లైన్, అడ్డంగా పోయే డ్రైవ్‌లు, రెయిజ్ బోరింగ్ (రెండు అంతస్తుల మధ్య నిలువు దారి తొలవడం), కేబుల్ బోల్టింగ్ (ఇనుప తాళ్లతో పైకప్పును బిగించడం), షాట్‌క్రీట్ (గోడల మీద కాంక్రీటు చిమ్మడం) కూడా ఇలాగే చాలాచోట్ల కాంట్రాక్టుకు పోతాయి. కొన్ని గనుల్లో ఖనిజం తీసే స్టోపింగ్, రవాణా కూడా కాంట్రాక్టర్‌వే. సర్వే, జియాలజీ, వెంటిలేషన్ ప్లాను సాధారణంగా కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది. భద్రత విషయంలో చట్టం చాలా స్పష్టం. గనిలోకి ఎవరు దిగినా, ఎవరి మనిషైనా, ఆ గని మేనేజర్ బాధ్యత కిందికే వస్తాడు. "వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు, మాకు సంబంధం లేదు" అనే మాట గని గేటు లోపల చెల్లదు.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

*కాంట్రాక్టర్‌కు డబ్బు వచ్చే లెక్క.* ఇది ఎవరూ అడగరు. అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, ఎందుకంటే మీ షిఫ్టు ఎలా గడుస్తుందో తేల్చేది ఈ లెక్కే.

సొరంగం తవ్వే పనికి ఎక్కువగా మీటరు రేటు ఉంటుంది. ఐదు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల ఎత్తు ఉన్న ఫేస్‌ను (సొరంగం ముందుకు తవ్వే గోడను) రెండు బూమ్‌ల జంబోతో, అంటే రెండు చేతుల డ్రిల్లింగ్ మెషీన్‌తో తవ్వే పని తీసుకోండి. సర్వే వాళ్లు గుర్తులు పెడతారు. సుమారు 60 రంధ్రాలు, ఒక్కొక్కటి మూడున్నర నాలుగు మీటర్ల లోతు వేస్తారు. మందు నింపి పేలుస్తారు. పొగ పోయేదాకా ఆగాలి. తర్వాత నీళ్లు కొట్టి, పైన పక్కన వేలాడే వదులు రాళ్లను దింపాలి. దీన్నే లూజ్ డ్రెస్సింగ్ అంటారు. ఆ తర్వాత ఎల్‌హెచ్‌డీ (భూగర్భ లోడర్ బండి) మక్‌ను, అంటే పేలిన రాళ్లను ఎత్తుతుంది, రూఫ్ బోల్టులు పడతాయి, అవసరమైన చోట షాట్‌క్రీట్ కొడతారు. అప్పుడు మళ్లీ డ్రిల్లింగ్. ఈ మొత్తం వరసలో "మీటరు" అని కొలిచేది పేలాక ముందుకు జరిగిన దూరాన్ని. లూజ్ దింపడానికి పట్టే ముప్పావు గంటకు విడిగా రేటు ఉండదు. బోల్టులకు, షాట్‌క్రీట్‌కు బిల్లులో వేరే రేటు ఉందంటే కాంట్రాక్టర్ వాటిని తగ్గించడు, వేస్తేనే అతనికి డబ్బు. అవి కూడా మీటరు రేటులోనే కలిపేస్తే ప్రతి బోల్టూ అతని జేబులోంచి పోయే ఖర్చే. అప్పుడు సూపర్‌వైజర్ "తర్వాత వేద్దాం, ముందు డ్రిల్ పెట్టు" అంటాడు. పైకప్పు రాయి పడి చనిపోవడం భూగర్భ గనుల్లో ప్రధాన ప్రమాదాల్లో ఒకటి. దాని వెనుక చాలాసార్లు ఉండేది ఈ "తర్వాత వేద్దాం".

పాత సాకెట్ల గొడవ కూడా ఇలాంటిదే. గత పేలుడులో మిగిలిపోయిన రంధ్రం అడుగున పేలని మందు ఉండొచ్చు. దాంట్లో డ్రిల్ పెట్టడం నిషేధం. కానీ రాయి మీద కొత్తగా మొదలుపెట్టడం కంటే ఆ గుంతలో రాడ్ నిలబెట్టడం సులువు, టైము కలిసొస్తుంది. మీటరు మీద బోనస్ ఉన్న షిఫ్టులో ఈ తప్పుకు ఆశ ఎక్కువ.

టన్ను రేటు ఉన్న పనిలో ఒత్తిడి ట్రిప్పుల మీద పడుతుంది. లో ప్రొఫైల్ ట్రక్కు డిక్లైన్‌లో ఎంత స్పీడు పోతోంది, బ్రేకుల చెకింగ్ నిజంగా జరుగుతోందా అన్నవి అక్కడి ప్రశ్నలు. మెషీన్ల సర్వీస్ కాంట్రాక్టులో డబ్బు "అవైలబిలిటీ" మీద వస్తుంది, అంటే మెషీన్ ఎన్ని గంటలు పనికి సిద్ధంగా ఉందన్న లెక్క. మెకానిక్ మీద ఒత్తిడి ఉంటుంది గానీ, సరిగ్గా రిపేరు చేయకపోతే నష్టపోయేది తన కంపెనీయే. అందుకని ఈ రకం కాంట్రాక్టులో భద్రత, లాభం ఒకే దిక్కుకు లాగుతాయి. మనిషి డ్యూటీ లెక్కన, అంటే మ్యాన్‌డే రేటున మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టర్‌కు మాత్రం మీ పనితనంతో పని లేదు. తలలు లెక్కకు వస్తే చాలు. కాబట్టి అతను శిక్షణ మీద పైసా పెట్టడు.

*రిజిస్టర్, టోకెన్.* గనిలో దిగే ప్రతి ఒక్కరి పేరూ ఉద్యోగుల రిజిస్టర్లో ఉండాలి. పాత వాడుకలో దాన్ని ఫారం బి అంటారు, గనుల్లో ఇప్పటికీ "ఫారం బి నంబరు ఎంత?" అనే అడుగుతారు. ల్యాంప్ రూమ్‌లో మీ పేరు మీద దీపం, టోకెన్ ఇస్తారు. షిఫ్టు అయ్యాక టోకెన్ వెనక్కి రాకపోతే మనిషి కిందే ఉన్నాడని తెలుస్తుంది. వేరేవాడి టోకెన్ మీద దింపితే, కింద మంటో పొగో వచ్చినప్పుడు మీరు అక్కడ ఉన్నారన్న సంగతి పైన ఎవరికీ తెలియదు. ఇది జీతం కంటే ముందు చూసుకోవాల్సిన విషయం.

*గంటకు ఎంత.* నెలకు 30,000 రూపాయలు అని చెప్పే ఆఫర్‌లో 12 గంటల డ్యూటీలు 30 ఉంటే 360 గంటలు పని, గంటకు సుమారు 83 రూపాయలు. నెలకు 24,000 అన్నా 8 గంటల డ్యూటీలు 26 అయితే 208 గంటలు, గంటకు సుమారు 115. పైగా భూగర్భంలో రోజుకు 8 గంటలకు మించి పని చట్టం ఒప్పుకోదు. అదనపు గంటలకు రెట్టింపు ఇవ్వాలి. కాబట్టి మొదటి ఆఫర్ చెబుతున్నది ఎక్కువ జీతం కాదు, ఎగ్గొట్టిన ఓవర్‌టైమ్ (ఓటీ). తిండికీ గదికీ ఎంత కోత పడుతుందో కూడా అడిగి, అప్పుడు పోల్చండి.

*అనుభవం సర్టిఫికెట్.* మేట్ (కింది స్థాయి పర్యవేక్షకుడు), బ్లాస్టర్ (మందు పేల్చేవాడు), ఫోర్‌మన్, మేనేజర్ పరీక్షలు పెట్టేది ధన్‌బాద్‌లో ముఖ్య కార్యాలయం ఉన్న డీజీఎంఎస్, అంటే కేంద్ర గనుల భద్రతా డైరెక్టరేట్. దానికి చూపాల్సిన అనుభవం మీద గని మేనేజర్ సంతకం ఉండాలి. కాంట్రాక్టర్ లెటర్‌హెడ్ మీద "రెండేళ్లు బాగా పనిచేశాడు" అని రాసిచ్చినది ఆ లెక్కకు రాదు. ఇంకో తేడా ఉంది. పైనుంచి తవ్వే గనుల అనుభవంతో వచ్చేది రిస్ట్రిక్టెడ్ సర్టిఫికెట్, అది భూగర్భానికి చెల్లదు. అన్‌రిస్ట్రిక్టెడ్ కావాలంటే కింద పనిచేసిన రోజులు కావాలి. గర్భాంలోనో క్వారీలోనో ఉన్న అనుభవం పోదు గానీ, భూగర్భం లెక్క మళ్లీ మొదటినుంచే.

*ప్రమాదం జరిగితే.* గని పనికి సాధారణంగా ఈఎస్‌ఐ ఉండదు, పరిహారం ఎంప్లాయీస్ కంపెన్సేషన్ లెక్కన వస్తుంది. 2020 జనవరి నుంచి ఆ లెక్కకు నెల జీతం గరిష్ఠంగా 15,000 అనే తీసుకుంటున్నారు. 25 ఏళ్ల మనిషి చనిపోతే అందులో సగం 7,500ను వయసు గుణకం 216.91తో గుణిస్తారు, 16,26,825 రూపాయలు. అంటే జీతం 18,000 అయినా 45,000 అయినా చట్టం ఇప్పించేది అంతే. తేడా తెచ్చేది కంపెనీ విడిగా కట్టే గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ. "పాలసీ ఉందా" అని ఊరుకోకండి. ఎంతకు ఉంది, నామినీగా ఎవరి పేరు రాశారు, కాపీ ఇస్తారా అని అడగండి.

*ఒళ్లు.* గనిలో చేరే ముందు ఇనీషియల్ మెడికల్ పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల సామర్థ్యం, వినికిడి, చూపు చూస్తారు. తర్వాత గరిష్ఠంగా 5 ఏళ్లకోసారి మళ్లీ చూడాలి. చేరేటప్పటి ఎక్స్‌రే కాపీ ఇంట్లో దాచిపెట్టండి. రేపు సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) అని తేలితే, వచ్చేటప్పుడు ఊపిరితిత్తులు బాగున్నాయని చూపేది ఆ ఫిల్మే.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకు విడిగా ఒక మాట. కింద ఫేస్ దగ్గర వేడి, ఉక్క కలిసి చెమట ధారగా పోతుంది. నియమం ప్రకారం వెట్ బల్బ్ ఉష్ణోగ్రత (వేడి, తేమ కలిపి చూపే కొలత) 33.5 డిగ్రీలు దాటకూడదు, 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో ఆడాలి. నియమం పాటించినా ఆ వేడిలో నీళ్లు తాగకుండా 8 గంటలు గడపడం కిడ్నీలకు మంచిది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం మండలాల వాళ్లు బయలుదేరే ముందు సీరం క్రియాటినిన్ చూపించుకుని వెళ్లాలి. 2023 డిసెంబర్ నుంచి పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి. గనిలో చేసే మెడికల్ పరీక్ష పాసైతే కిడ్నీలు కూడా బాగున్నట్టే అనుకోవద్దు. ఆ పరీక్షలో ముఖ్యంగా చూసేది ఊపిరితిత్తులు, చెవులు, కళ్లు.

నాలుగూ పక్కపక్కన

| చూడాల్సింది | గని కంపెనీ | పెద్ద కాంట్రాక్ట్ కంపెనీ | మెషీన్ల సర్వీస్ కంపెనీ | పేటీ కాంట్రాక్టర్ గ్యాంగ్ |
|---|---|---|---|---|
| దొరకడం | నోటిఫికేషన్, పరీక్ష, ఆలస్యం | ఇంటర్వ్యూ, ట్రేడ్ టెస్ట్. వారాల్లో | ట్రేడ్ టెస్ట్. ఖాళీలు తక్కువ | ఫోన్ చేస్తే రెండు రోజుల్లో |
| డబ్బు లెక్క | నెల జీతం | జీతం, మీటరు లేదా టన్ను బోనస్ | నెల జీతం, ఓటీ | డ్యూటీ లెక్క, కోతలు |
| పని నేర్చుకోవడం | నెమ్మది, పద్ధతిగా | వేగంగా, కొత్త మెషీన్ల మీద | ఒక బ్రాండ్ మీద లోతుగా | మక్ ఊడ్చడం, పైపులు మోయడం |
| మేనేజర్ సంతకంతో అనుభవం | సులువు | అడిగి తీసుకోవాలి | డీజీఎంఎస్ పరీక్షలకు పెద్దగా పనికిరాదు | తరచు దొరకదు |
| కాంట్రాక్ట్ అయిపోతే | ఉద్యోగం ఉంటుంది | మరో సైట్, లేదా ఇల్లు | మరో గని | ఇల్లు |
| ఊరికి రావడం | సెలవుల లెక్కన | రోస్టర్ ప్రకారం | రోస్టర్ ప్రకారం | అడ్వాన్స్ తీరితే |

గని కంపెనీలో నేరుగా

దొరికితే వదులుకోవద్దు. అంతకుమించి చెప్పేది తక్కువే. ప్రభుత్వ రంగంలో జీతం, సెలవులు, క్వార్టర్, వైద్యం ఒక పద్ధతిలో ఉంటాయి. ప్రైవేటు పెద్ద కంపెనీలు నేరుగా తీసుకునేది ఎక్కువగా ఇంజనీర్లు, డిప్లొమా వాళ్లు. ఆపరేటర్లు, హెల్పర్లను చాలావరకు కాంట్రాక్టర్ల ద్వారానే తెచ్చుకుంటారు. లోపం ఏమిటంటే టైము. నోటిఫికేషన్ నుంచి జాయినింగ్ దాకా ఏడాది పట్టవచ్చు. ఆ ఏడాది ఖాళీగా కూర్చోకుండా అప్రెంటిస్‌షిప్ చేయడం మంచిది. ఐటీఐ వాళ్లకు గనుల్లో అప్రెంటిస్ సీట్లు తరచు వస్తుంటాయి, స్టైపెండ్ తక్కువైనా కింద ఏం జరుగుతుందో కళ్లారా తెలుస్తుంది.

ఇంకో మాట. కంపెనీ ఉద్యోగం అన్నంత మాత్రాన పర్మినెంట్ కాదు. ఫిక్స్‌డ్ టర్మ్ అని ఉంటే రెండు మూడేళ్లకే. అయితే కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్ కింద ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది.

పెద్ద కాంట్రాక్ట్ కంపెనీ

షాఫ్టులు, డిక్లైన్లు తవ్వడమే వృత్తిగా పెట్టుకున్న కంపెనీలు ఇవి. జంబో, లాంగ్‌హోల్ డ్రిల్, ఎల్‌హెచ్‌డీ, బోల్టర్, షాట్‌క్రీట్ మెషీన్ అన్నీ సొంతం. చురుకైన కుర్రాడు ఇక్కడ రెండేళ్లలో చూసేంత పని, కంపెనీ ఉద్యోగంలో ఐదేళ్లకు గానీ చూడడు. జంబో ఆపరేటర్‌గా తేలితే దేశంలో ఏ గనికైనా పోవచ్చు. మీటరు బోనస్ బాగుండే నెలలో చేతికొచ్చే మొత్తం కంపెనీ ఆపరేటర్‌ను దాటిపోతుంది కూడా.

ఆ బోనస్‌లోనే మెలిక ఉంది. బోనస్ ఎప్పుడు రాదో అడగండి. మెషీన్ చెడితే? నీళ్లు ఊరి ఫేస్ ఆగితే? వెంటిలేషన్ డక్ట్ చిరిగి పొగ పోక షిఫ్టు పోతే? పేలుడు మందు బండి రాకపోతే? ఇవన్నీ మీ చేతిలో లేనివి, గనిలో నెలకు రెండు మూడు సార్లు జరిగేవి. కొన్ని కంపెనీలు ఆ రోజులకు సగటు బోనస్ కట్టిస్తాయి, కొన్ని సున్నా వేస్తాయి. సున్నా వేసే చోట గ్యాంగ్ మర్నాడు రెండు రౌండ్లు కొట్టాలని పరుగెత్తుతుంది. పైన చెప్పిన లూజ్ డ్రెస్సింగ్ ఎగ్గొట్టేది ఆ రోజే. ఎవరికి ఎంత బోనస్ అన్నది మొత్తం గ్యాంగ్‌కు కలిపి ఇస్తారా, ఆపరేటర్‌కే ఇస్తారా అనేదీ చూడాలి. ఆపరేటర్‌కే ఇస్తే హెల్పర్ మాట ఎవరూ వినరు. పైకప్పు చప్పుడు ముందు వినేది మాత్రం ఆ హెల్పరే.

కాంట్రాక్ట్ ఎన్నేళ్లు మిగిలి ఉందో కూడా తెలుసుకోండి. మూడేళ్ల పనిలో ఆఖరి ఆరు నెలలకు చేరితే, పని నేర్చుకునేలోపే సైట్ మూసి మెషీన్లు తరలిస్తారు. కంపెనీకి వేరే చోట సైట్లు ఉంటే మిమ్మల్నీ తీసుకెళ్తుంది. ఒక్క సైటే ఉంటే తిరుగు ప్రయాణమే.

మెషీన్ల సర్వీస్ కంపెనీ

ఎపిరాక్, సాండ్విక్ లాంటి తయారీదారులు మెషీన్ అమ్మి ఊరుకోరు. గనిలోనే వర్క్‌షాప్ పెట్టి, అవైలబిలిటీ లెక్కన మెయింటెనెన్స్ చూసే కాంట్రాక్టులు తీసుకుంటారు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ ఐటీఐ, మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ డిప్లొమా ఉన్నవాళ్లకు ఇది నా దృష్టిలో మిగతా మూడింటికంటే మంచి ఎంపిక. హైడ్రాలిక్ సర్క్యూట్ చదవడం, డ్రిఫ్టర్ (జంబోలో రాయిని కొట్టే భాగం) ఓవర్‌హాల్, ఎల్‌హెచ్‌డీ ట్రాన్స్‌మిషన్, జంబో ఎలక్ట్రికల్ ఫాల్టులు ఇలాంటి పనులు నేర్చుకున్నవాడికి గని మూతపడినా సొరంగాల ప్రాజెక్టుల్లో, మెట్రో పనుల్లో చోటు ఉంటుంది. గరివిడి ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసుల దగ్గరో, నెల్లిమర్ల జూట్ మిల్లు యంత్రాల దగ్గరో చేసిన వాళ్లకు పునాది ఉన్నట్టే. నేర్చుకోవాల్సింది హైడ్రాలిక్స్ ఒక్కటి.

లోపాలు రెండు. గని సర్టిఫికెట్ల వైపు పోయే దారి కాదు ఇది, మేట్ నుంచి ఫోర్‌మన్ దాకా ఎదగాలనుకునేవాళ్లకు సరిపడదు. రెండోది, బ్రేక్‌డౌన్‌కు వేళాపాళా ఉండదు. రాత్రి షిఫ్టులో 400 మీటర్ల కింద జంబో ఆగితే, రిపేరు అక్కడే, అదే వేడిలో. రిపేరు మొదలెట్టే ముందు మెషీన్‌కు తాళం వేసి ట్యాగ్ కట్టే పద్ధతి అమల్లో ఉందా అని అడగండి. "తాళాలు స్టోర్‌లో ఉన్నాయి" అంటే లేనట్టే. ఎల్‌హెచ్‌డీ బూమ్ కింద నిలబడి పనిచేసేటప్పుడు బూమ్‌కు దిమ్మ పెట్టకపోతే, హోస్ ఒక్కటి చిరిగితే చాలు.

మేస్త్రీ గ్యాంగ్

"తమ్ముడూ, కాగితాలన్నీ అక్కడికెళ్లాక చూసుకుందాం, ముందు బండెక్కు" అనే మాట వినిపిస్తే అక్కడే ఆగాలి. పేటీ కాంట్రాక్టర్లందరూ మోసగాళ్లు కారు. పెద్ద కాంట్రాక్టర్ కింద పైపులు వేయడం, ట్రాక్ శుభ్రం, మేసన్రీ గోడలు, పంపుల దగ్గర కాపలా లాంటి పనులు చేయించే నిజాయితీపరులు ఉన్నారు. పదో తరగతి దాటనివాడికి, ఇల్లు గడవక వెంటనే పని కావాల్సినవాడికి ఇదొక్కటే తలుపు తెరిచి ఉండేది. దాంతో పేచీ లేదు. పేచీ అంతా అడ్వాన్సుతో. 20,000 ముందు తీసుకుని ఎక్కితే, ఆ మొత్తం తీరేదాకా మీ హాజరు పుస్తకం, కొన్నిచోట్ల ఏటీఎం కార్డు కూడా మేస్త్రీ దగ్గరుంటాయి. పీఎఫ్ కోత పడుతుంది, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) అడిగితే చెప్పడు. పని చేసేది కింద, చూపించేది పైన, ఎందుకంటే కింద పనికి కనీస వేతనం ఎక్కువ. గనులకు వర్తించే కనీస వేతనం కేంద్రం నిర్ణయించేది, రాష్ట్రానిది కాదు. అందులో భూమి పైన, కింద రేట్లు వేర్వేరుగా ఉంటాయి. ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న కరువు భత్యం సవరిస్తారు.

అడ్వాన్స్ లేకుండా, మీ సొంత బ్యాంకు ఖాతాలో జీతం పడేలా, గని పేరు మీద గేట్ పాస్‌తో అయితే వెళ్లండి. ఆరు నెలల్లో జాక్‌హామర్ మీదో, ఎల్‌హెచ్‌డీ హెల్పర్‌గానో పెద్ద కాంట్రాక్టర్ మస్టర్‌లోకి మారే ప్రయత్నం చేయండి. గ్యాంగ్‌లోనే ఉండిపోతే మూడేళ్ల తర్వాత కూడా చేతిలో పార తప్ప ఏ కాగితమూ ఉండదు.

ఎవరికి ఏది

మైనింగ్ డిప్లొమా ఉన్నవారు: కంపెనీ ట్రైనీ పోస్టు, లేకపోతే పెద్ద కాంట్రాక్టర్ దగ్గర షిఫ్ట్ సూపర్‌వైజర్. రెండోదాంట్లో చేరే రోజే అనుభవం సర్టిఫికెట్ మేనేజర్ ఇస్తాడా అని రాతపూర్వకంగా అడగండి. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ముందే తీసుకోండి, అది లేకుండా పరీక్షకు దరఖాస్తు కుదరదు. డిప్లొమా వాళ్లకు కావాల్సిన అనుభవం తక్కువ కాబట్టి తొందరగా ఫోర్‌మన్ పరీక్ష రాయొచ్చు.

టెక్కలి, మెళియాపుట్టి వైపు క్వారీల్లో జాక్‌హామర్ పట్టినవారు: చేతి పని ఇప్పటికే వచ్చు, కంప్రెసర్, రాడ్, బిట్ తెలుసు. పెద్ద కాంట్రాక్టర్ దగ్గర డ్రిల్లర్ హెల్పర్‌గా చేరి జంబోకు మారడమే దారి. కానీ దుమ్ములో పొడి డ్రిల్లింగ్ చేసిన ఏళ్లు ఉంటే ముందు ఊళ్లోనే ఎక్స్‌రే తీయించుకోండి. మచ్చ ఉంటే రాజస్థాన్ దాకా వెళ్లి మెడికల్‌లో తిరిగి రావడం కంటే ఇక్కడే తెలియడం మేలు. మచ్చ ఉన్న ఊపిరితిత్తులతో మళ్లీ సిలికా దుమ్ములోకి పోవడం ఎలాగూ మంచిది కాదు. భూగర్భంలో నీళ్లతోనే డ్రిల్ చేయాలి. నీళ్ల లైను లేకుండా డ్రిల్ పెట్టమన్న గని ఏదైనా సరే వదిలేయాల్సిందే.

ఎక్స్‌కవేటర్, టిప్పర్ ఆపరేటర్లు: లైసెన్సు ఉంది కదా అని నేరుగా ఎల్‌హెచ్‌డీ ఇవ్వరు, పక్కకు తిరిగి కూర్చుని నడిపే బండి అది. గని ఇచ్చే ఆథరైజేషన్ తీసుకోవాలి. రెండు మూడు నెలలు హెల్పర్ జీతానికి సిద్ధపడితే పెద్ద కాంట్రాక్టర్ మంచిది.

ఇంటి బాధ్యత, ముసలి తల్లిదండ్రులు ఉన్నవారు: రోస్టర్ చూసి ఎంచుకోండి, జీతం చూసి కాదు. మలంజ్‌ఖండ్, బాలాఘాట్ వైపు అయితే విజయనగరం నుంచి రాయగడ, రాయపూర్ మీదుగా గోందియా దాకా రైలు ఉంది. రాజస్థాన్ అంటే రెండు రాత్రులు. పది రోజుల సెలవులో నాలుగు రోజులు రైల్లోనే పోతే అది ఆరు రోజుల సెలవు. భూగర్భంలో పనిచేసిన ప్రతి 15 రోజులకు ఒక రోజు జీతంతో సెలవు హక్కు. రోస్టర్ సెలవు వేరు, ఈ సెలవు వేరు. రెంటినీ కలిపేసి చూపిస్తే ఒప్పుకోకండి.

మహిళా ఇంజనీర్లు: 2019 నుంచి సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజిరియల్ పనులకు భూగర్భంలోకి వెళ్లే వీలు వచ్చింది. ప్రస్తుతానికి కంపెనీ నేరుగా తీసుకునే పోస్టులే మెరుగు. చిన్న కాంట్రాక్టర్ల సైట్లలో కింద మరుగుదొడ్డి ఉందా అన్న చిన్న ప్రశ్నకే జవాబు రాదు.

బయలుదేరే ముందు, చేరిన వారంలో

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1952 నాటి మైన్స్ చట్టం, 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం వాటిలో కలిసిపోయాయి. చట్టాల పేర్లు మారినా 8 గంటలు, రెట్టింపు ఓటీ, సెలవుల లెక్క అలాగే ఉన్నాయి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే గని యజమానే కట్టాలన్న నియమం కూడా పోలేదు. కొత్తగా అందరికీ నియామక పత్రం తప్పనిసరి అయింది. కాబట్టి అది వాట్సాప్‌లోనైనా రాకుండా రైలెక్కకండి. అందులో హోదా, పని చేసే గని పేరు, జీతం, పని గంటలు ఉండాలి. "సైట్: రాజస్థాన్" అని మాత్రమే ఉంటే సరిపోదు.

చేరాక ముందుగా వొకేషనల్ ట్రైనింగ్ ఉంటుంది. అది కాకుండా కిందికి దింపితే తప్పు వాళ్లది, ప్రాణం మీది. సెల్ఫ్ రెస్క్యూయర్ (పొగలో ఊపిరి కాపాడే పరికరం) పెట్టుకోవడం కళ్లు మూసుకుని వచ్చేదాకా నేర్చుకోండి. రెండో దారి, అంటే అత్యవసరంలో బయటపడే మార్గం ఎటో నడిచి చూడండి, మ్యాప్‌లో చూస్తే చాలదు. ఫారం బి నంబరు, యూఏఎన్, పాలసీ కాపీ ఫోన్‌లో ఫొటో తీసి ఇంటికి పంపండి. జీతం గొడవ వస్తే జిల్లా కార్మిక అధికారి దగ్గరికి వెళ్తే పని కాదు. గనులు కేంద్రం పరిధిలోవి, ఆ ప్రాంతంలోని కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయానికి రాయాలి. భద్రత గురించి అయితే డీజీఎంఎస్‌కు.

అనుభవం సర్టిఫికెట్‌ను మానేసే రోజుకు వాయిదా వేయకండి. కాంట్రాక్ట్ ముగిసే ఆఖరి నెలలో సైట్ ఆఫీసు సర్దేస్తారు, గని మేనేజర్ బదిలీ అయిపోతాడు, తర్వాత వచ్చినవాడు తాను చూడని రోజులకు సంతకం పెట్టడు. ఏడాదికోసారి, అప్పటిదాకా కింద చేసిన రోజుల లెక్కతో, ఏ మెషీన్ మీద ఏ పనో రాయించి తీసుకోండి. ముద్ర, మేనేజర్ సర్టిఫికెట్ నంబరు, తేదీ మూడూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. వాటిలో ఒకటి లేకపోయినా దరఖాస్తు వెనక్కి రావచ్చు, అప్పటికి మీరు ఆ గనికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంటారు.